చామంతి తుప్పు, దేవగన్నేరు తుప్పు

మా అపార్ట్‌మెంట్‌లో చామంతి ఆకుల మీద మచ్చలు బయటపడిన వారం తెలంగాణ అంతా బందయి ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఏముందని మీకు అనిపించవచ్చు. మా అపార్ట్‌మెంట్ కమిటీకి అలా అనిపించలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, పిల్లలు ఇళ్లల్లో ఉన్నారు, బొగ్గు గనుల్లోనే ఉంది. అందువల్ల కరెంటు ఎక్కడా లేదు. మూడో అంతస్తు పెద్దాయన ఒకరు లిఫ్ట్‌లో ఇరుక్కుని, సహస్రనామం మొత్తం చదివి, ఫలశ్రుతి కూడా ముగించి, హారతికి అగ్గిపెట్టె లేదన్న ఒక్క లోటుతో బయటికి వచ్చారు. హైటెక్ సిటీలో మా కంపెనీ మాత్రం జనరేటర్ మీద నడుస్తూనే ఉంది. నేను అక్కడ టెస్టర్‌ని. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికితే జీతమిస్తారు. ఇంట్లో అదే పని ఉచితంగా చేస్తాను, తిట్లిస్తారు.

మాది నంద్యాల. కొండాపూర్‌కు వచ్చి చాలా ఏళ్లయింది. నాన్న ప్లాట్లు అమ్ముతాడు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ప్లాటు పేరెత్తితే జనం రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతున్నారని నంద్యాలకు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, అక్క, నేను, ఇంకా చామంతులు.

మా అమ్మ లక్ష్మీదేవి చామంతులను పెంచే తీరు చూస్తే నాకు ఎప్పుడూ కొంచెం అసూయగానే ఉండేది. నాకు జ్వరం వస్తే మాత్ర ఇచ్చి పడుకోమంటుంది. చామంతి మొక్క తల వాల్చిందంటే మాత్రం పక్కన స్టూలు వేసుకుని, అది తలెత్తేదాకా లేవదు. ఇంటి లోపల చోటు చాలక, సెల్లార్ బయట ప్రహరీ గోడ పొడవునా కుండీలు పెట్టింది. వాటికి ఎరువు నానక్‌రామ్‌గూడ నుంచి నీలమ్మ తెచ్చేది. నీలమ్మ మాకు పాలు పోస్తుంది. ఆమె బర్రెలు ఇరవై అంతస్తుల అద్దాల భవనాల నీడలో మేస్తాయి. పాలు కూడా అందుకే అంత చల్లగా ఉంటాయని నేనొకసారి అంటే, నీలమ్మ నాకు ఆ పూట పాలు పోయలేదు.

ఆ ఏడాది బతుకమ్మ మొదలవగానే నీలమ్మ వచ్చి మెట్ల మీద కూలబడింది.

"అమ్మా, ఈసారి పూలకు మస్తు పరేషాన్ అయితుంది. తంగేడు, గునుగు కోస్తుంటిమి గదా, గా జాగల బిల్డింగ్ లేచింది. మార్కెట్ల కొందామంటే బండ్లు బంద్. సద్దుల నాడు మా వాడకట్టు బతుకమ్మ ఏం పెట్టి పేర్చాలె?"

"నా చామంతులు ఉండాయి గదా నీలమ్మా," అంది అమ్మ. "మొగ్గలన్నీ ఆ పొద్దుకు విచ్చుకుంటాయి. అన్నీ కోసుకుపో. నాకు ఒగటి గూడ వద్దు."

"గట్ల ఊకె తీస్కోను. ఓ షరతు. ప్రతిసారి వచ్చి గోడ పక్కన నిలబడి చూసి పోతవు. ఈసారి గట్ల చెల్లదు. నడుమ వరుస నీ చేతులతోనే పేర్చాలె. పేర్చినంక ఆడాలె."

అమ్మ లోపలికి వెళ్లి, ఏదో ఆలోచిస్తూ నీలమ్మకు ఇవ్వాల్సిన కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసి తెచ్చింది. ఆటో ఎక్కితే డ్రైవర్ కూడా "ఏ జిల్లా అమ్మా మీది?" అని అడుగుతున్న రోజులవి. అడిగినవాడికి ఏమీ లేకపోయినా, చెప్పేవాళ్ల గొంతు కొంచెం తగ్గేది. నీలమ్మ ఆ షరతు పెట్టిన రోజు నుంచి అమ్మ గొంతు మాత్రం మళ్లీ మామూలైంది. పొద్దున్నే మొగ్గలు చూసుకుంటూ నంద్యాల యాసలో వాటిని తొందరపెట్టడం రెండో అంతస్తు దాకా వినిపించేది.

సద్దుల బతుకమ్మ మంగళవారం. ముందు శనివారం పొద్దున కేక వినిపించింది.

"అయ్యో! మా ఉమాశ్రీకి రోగం తగిలిందండీ!"

ఆ కేక శ్రీనివాసరావుగారిది. మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. గోదావరి వైపు మనిషి. నీటిపారుదల శాఖలో కాలువలు చూసి రిటైరయ్యారు. ఉమాశ్రీ ఆయన మనవరాలు కాబట్టి సగం అపార్ట్‌మెంట్ పరుగెత్తింది. ఒకాయన అంబులెన్స్‌కు ఫోన్ కూడా చేశాడు. కిందికి వెళ్లి చూస్తే ఉమాశ్రీ చెట్టు. ప్రహరీ పొడవునా ఆయన వరుసగా దేవగన్నేరు చెట్లు పెంచి, ఒక్కోదానికి ఒక్కో మనవరాలి పేరు పెట్టుకున్నారు. మనవరాళ్లు అయిపోయి చెట్లు మిగిలితే, వాటికి రాబోయే మనవరాళ్ల పేర్లు పెట్టారు.

ఉమాశ్రీ ఆకుల అడుగున పసుపు కలిసిన నారింజ రంగు పొడి. శ్రీనివాసరావుగారు ముట్టుకుంటే వేలంతా సిందూరం భరిణెలో ముంచినట్టయింది. ఆయన కళ్లు తుడుచుకున్నారు. దాంతో కనుబొమ్మ కూడా నారింజ రంగుకు వచ్చింది. అప్పుడాయన కిందికి చూశారు. చెట్టు కింద మా అమ్మ కుండీలు. చామంతి ఆకుల అడుగున గోధుమరంగు మచ్చలు, గోధుమరంగు పొడి.

పది నిమిషాల్లో సెల్లార్‌లో కమిటీ కూర్చుంది. మా దగ్గర మంచినీళ్లు రావడానికి మూడు రోజులు పట్టేది గానీ, కమిటీ పది నిమిషాల్లో వచ్చేది.

"చూడండి లక్ష్మీదేవిగారూ," అన్నారు శ్రీనివాసరావుగారు. "మీ మీద నాకు కోపం లేదండి. కానీ ముప్పై ఏళ్లు కాలువల మీద తిరిగినవాణ్ణి. ఎక్కడ గండి పడిందో వాసన చూసి చెబుతాను. గాలి ఎటు నుంచి వస్తోందండి? పడమర నుంచి. మీ కుండీల వరుస ఎక్కడ మొదలైంది? పడమటి చివర. అంటే ఎగువన. నా చెట్లు దిగువన. అక్కడ పుట్టింది ఇక్కడికి పారింది. అంతేనండి."

"రంగులు వేరే కదా అంకుల్," అన్నాను నేను.

"పచ్చి మామిడికాయా పండిన మామిడికాయా ఒకే రంగులో ఉంటాయా బాబూ? లేతగా ఉంటే నారింజ, ముదిరితే గోధుమ. ముదిరింది మీ దగ్గరుంది, లేతది నా దగ్గరుంది. ఇంకేం కావాలి?"

ఇంత పద్ధతిగా తప్పు చేయడం నేను మా ఆఫీసులో కూడా చూడలేదు. కమిటీ తలలన్నీ ఊగాయి. పాలక్యాన్లు పట్టుకుని నిలబడ్డ నీలమ్మ తల మాత్రం ఊగలేదు.

"సారూ," అంది, "ఎగువ, దిగువ ముచ్చట మాకు చెప్పకుండ్రి. గా నీళ్ల లెక్క తేలకనే గదా ఇయ్యాల మేమంత రోడ్ల మీద కూసున్నది."

సెల్లారంతా నవ్వింది. శ్రీనివాసరావుగారు కూడా నవ్వారు గానీ, నవ్వు అయిపోగానే తీర్మానం చదివి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు గుచ్చారు. కుండీలన్నీ మట్టితో సహా ఆదివారం సాయంత్రం చెత్త ట్రాక్టర్‌లో వెళ్లిపోవాలి.

అమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. "మంగళవారం దాకా అన్నా ఉంచండి సార్. పూలు కోసినంక నేనే పారేస్తా. నీలమ్మకు మాటిచ్చినా."

"అప్పటికి మిగతా చెట్లకూ పారుతుందండి. నేనేం చెయ్యను?"

అప్పుడు అందరూ మా అక్క వైపు చూశారు. అక్క శిరీష, గోపన్‌పల్లి దగ్గర యూనివర్సిటీలో మొక్కల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తోంది. మా చుట్టాల్లో అందరూ ఇంజనీరింగ్ చదివితే ఇదొక్కతే ఆకులు చదువుతోందని పెళ్లిళ్లలో జాలిగా పలకరించేవారు. అక్క అప్పటికే నేల మీద కూర్చుని, ఒక చేతిలో చామంతి ఆకు, ఇంకో చేతిలో దేవగన్నేరు ఆకు పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది.

"రెండూ తుప్పు తెగుళ్లే," అంది. "కానీ రెండూ ఒకటి కాదనుకుంటున్నా."

"అనుకుంటున్నారా, తెలుసా అమ్మా?" అన్నారు శ్రీనివాసరావుగారు.

అక్క 'తెలుసు' అంటే చాలు. అక్కడెవరికీ ఎదురు చెప్పే చదువు లేదు. నేను వెనక నుంచి 'అను, అను' అని సైగ చేస్తూనే ఉన్నాను.

"మైక్రోస్కోప్‌లో చూడకుండా చెప్పను అంకుల్."

శ్రీనివాసరావుగారు గడియారం చూసుకున్నారు. "నేను మూర్ఖుణ్ణి కాదమ్మా. రేపు మధ్యాహ్నం లోపల ఆధారం చూపించండి. చూపిస్తే ఒప్పుకుంటాను. లేకపోతే ట్రాక్టర్ వస్తుంది."

ఇంటికి రాగానే అమ్మ అందుకుంది. "ఇన్నేండ్లు చదివిస్తి. ఆకు జూసి రోగం జెప్పలేవా? డాక్టరు నాడి పట్టుకుని జెప్తాడే!"

"డాక్టర్ కూడా అనుమానం వస్తే రక్తం చూస్తాడమ్మా."

"అంతమంది ముందర 'వేరే' అని ఒగ మాట అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాల్తాయా?"

"తుప్పు తెగుళ్లు వేల రకాలున్నాయమ్మా. ఒక్కో రకం తనకు నచ్చిన మొక్క మీదే బతుకుతుంది. దేవగన్నేరుది చామంతికి రాదని నేను చదివిన మాట నిజమే. కానీ కుండీలు మనవి. చదివింది అప్పజెబితే వాళ్లకు అది సిఫారసులా వినిపిస్తుంది. చూసి చెప్తే అది ఎవరి మొక్కకైనా ఒకటే."

జవాబు దొరకనప్పుడు చేసే పనే చేసింది అమ్మ. నన్ను తిట్టింది.

అక్కను బండి మీద ఎక్కించుకుని గోపన్‌పల్లి వైపు వెళ్లాను. యూనివర్సిటీలో ల్యాబుకు తాళం. తాళం చెవి ఉన్న మనిషి ధర్నాలో ఉన్నాడు. ధర్నా గేటు దగ్గరే ఉంది గానీ, నినాదాల మధ్యలో అతణ్ణి పిలిస్తే, అది కూడా నినాదమే అనుకుని అందరూ మా వెనక అందుకున్నారు. అతను కూడా అందుకున్నాడు. లాభం లేదని వెనక్కి తిరిగాం.

ఇంక మిగిలింది మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబ్. దాన్ని నడిపే రామబ్రహ్మం నవ్వగా చూసినవాళ్లు కొండాపూర్‌లో లేరు. నేను ఆకుల కవర్ బల్ల మీద పెట్టి విషయం చెప్పాను. అతను కంప్యూటర్ వైపు చూసి, కరెంటు లేదని గుర్తొచ్చి, కాగితం తీశాడు.

"పేషెంట్ పేరు?"

"చామంతి," అన్నాను.

"వయసు?"

"నాలుగు నెలలు."

"పరగడుపునేనా, ఏమైనా తిన్నదా?"

"పొద్దున బర్రె పెంట తిన్నది."

"ఎంత సేపయింది?"

నేను అక్క వైపు చూశాను. నా జీవితంలో ఒక మనిషి నాకంటే నిలకడగా ముఖం పెట్టడం అదే మొదటిసారి. రెండో పేషెంట్ దేవగన్నేరు పేరు కూడా రాసుకున్నాడు. ఇంటిపేరు అడిగాడు. అప్పుడు అక్కే "అన్నా, జర తొందరగా," అని బతిమాలింది.

లైటుతో పనిచేసే మైక్రోస్కోప్ కరెంటు లేక పడుకుని ఉంది. రామబ్రహ్మం అటక మీద నుంచి అద్దం ఉన్న పాతది దించి, కిటికీ దగ్గర పెట్టి, అద్దాన్ని ఆకాశం వైపు తిప్పాడు. అక్క ఆకు అడుగున సెల్లోటేప్ ముక్క అతికించి, మెల్లగా ఊడదీసింది. టేప్‌కు గోధుమరంగు పొడి అంటుకుంది. గాజుపలక మీద నీటిచుక్క వేసి, దాని మీద టేప్ పరిచి, కన్ను ఆనించింది.

చాలా సేపు కదల్లేదు. తర్వాత దేవగన్నేరు. మళ్లీ చామంతి. ఇంకో కుండీ ఆకు. ఇంకో చెట్టు ఆకు.

"సరిపోయింది కదా?" అన్నాను.

"ఒక్క ఆకు చూసి చెప్పకూడదు."

రామబ్రహ్మం నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నా ల్యాబ్‌లో మలేరియా స్లైడు కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు," అన్నాడు. కాస్త ఆగి, "నాతో సహా," అన్నాడు.

చివరికి అక్క నన్ను పిలిచి చూడమంది. మొదట నా కనురెప్పల వెంట్రుకలు కనిపించాయి. వాటిని తెగులు అనుకుని నేను గట్టిగా అరిచాను. అక్క తల మీద మొట్టి సరిగ్గా చూడమంది. చామంతి పొడి అంటే పొడి కాదు, గుండ్రటి గోధుమరంగు గింజలు. ఒక్కోదాని చుట్టూ సన్నటి ముళ్లు, పల్లేరుకాయలు ఆరబోసినట్టు. అక్క పలక మార్చింది. దేవగన్నేరు పొడికి ముళ్లే లేవు. పసుపు నారింజ ముద్దలు, కొన్ని కోలగా, కొన్ని మూలలు తేలి, ఒంటినిండా బొడిపెలతో. బుట్టెడు సీతాఫలాల్లా ఉన్నాయి.

"పల్లేరుకాయ ముదిరితే సీతాఫలం అవుతుందా?" అంది అక్క.

"మా ఆఫీసులో అవుతుంది. మేనేజర్ చెబితే."

అక్క నవ్వలేదు. ఆమె ముఖం మీద వేరే వెలుగు ఉంది. కిటికీలోంచి వచ్చింది కాదది. చిన్నప్పటి నుంచి మా అక్క జడ కుర్చీకి కట్టేసినవాణ్ణి నేను. ఆ క్షణంలో మాత్రం ఆ మైక్రోస్కోప్ దగ్గర ఆమె నిలబడ్డ తీరు చూస్తే, బయట కొండాపూర్ ట్రాఫిక్ అంతా ఇంజన్లు ఆపి, బండ్లను మర్యాదగా చేత్తో తోసుకుంటూ పోవాలనిపించింది. నిజానికి ఆ రోజు ట్రాఫిక్ లేదు. కానీ ఉంటే అలాగే పోయేది.

ఆధారం కోసం నా ఫోన్‌ను మైక్రోస్కోప్ కంటికి ఆనించి ఫోటోలు తీశాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ శ్రీనివాసరావుగారి చేతికి ఇచ్చాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశారు. దూరంగా పెట్టి చూశారు. తలకిందులుగా చూశారు.

"ఇది చంద్రగ్రహణమా అండి?"

"చామంతి తుప్పు అంకుల్," అంది అక్క. "ఇది ముళ్లతో ఉంటుంది. తర్వాతి ఫోటో మీ చెట్టుది, బొడిపెలతో ఉంటుంది."

"ఇది కూడా గ్రహణమేనమ్మా. ఇంకాస్త విడిచింది, అంతే." ఆయన ఫోన్ తిరిగి ఇచ్చేశారు. "ఇలా అంటున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు కష్టపడ్డారు. నేనూ నిన్న కష్టపడ్డాను. మరి దీనికేమంటారో చెప్పండి." జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పారు.

లోపల చామంతి ఆకు. దాని మీద నారింజ రంగు పొడి. గోధుమ కాదు. అచ్చంగా ఉమాశ్రీ మీద ఉన్న రంగే.

"మీ కుండీలోదేనండి. మొదటి చెట్టు కింద దాంట్లోంచి కోశాను. రెండూ ఒకటి కాదన్నారు కదా, మరి నా చెట్టు తెగులు మీ చామంతి మీదే ఉంది. ఇప్పుడేమంటారు?"

అమ్మ చేతులు చీర కొంగులోకి వెళ్లిపోయాయి. గేటు బయట ట్రాక్టర్ వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. ఏదో ఒకటి అని నవ్విద్దామని నోరు తెరిచాను. నోట్లో ఏమీ లేదు. నాకు జోకు దొరకని సందర్భం వచ్చిందంటే పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో అర్థమైంది.

అక్క చెవులు ఎర్రబడ్డాయి. ఆకు తీసుకుంది. పైకి చూసింది, తిరగేసి అడుగున చూసింది. మళ్లీ పైకి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది.

"అంకుల్, పొడి ఆకు పైన ఉంది. అడుగున లేదు."

"పైనుంటే ఏమండి, అడుగునుంటే ఏమండి? ఉందా లేదా?"

అక్క చుట్టూ చూసింది. "ఎవరి దగ్గరైనా నీళ్లున్నాయా?" అంది. నీలమ్మ పాలక్యాన్ కడగడానికి తెచ్చుకున్న సీసా అందించింది. అక్క చున్నీ కొస తడిపి, ఆకును అరచేతిలో పెట్టుకుని, మెల్లగా తుడిచింది.

నారింజ రంగు మొత్తం చున్నీకి వచ్చేసింది. కింద ఆకు పచ్చగా ఉంది. మచ్చ లేదు, పుండు లేదు, గీత కూడా లేదు. అందరికీ కనిపించేలా ఆకును చుట్టూ తిప్పింది.

"ఇప్పుడు మీ చెట్టు ఆకు ఇవ్వండి."

శ్రీనివాసరావుగారు తనే వెళ్లి కోసుకొచ్చారు. అక్క దాన్నీ అడుగున తుడిచింది. పొడి పోయింది గానీ, కింద చిన్న చిన్న బొబ్బలు చిట్లిన గుర్తులు అలాగే ఉన్నాయి. ఇంకోసారి రుద్దింది. అలాగే ఉన్నాయి.

"తుప్పు తెగులు ఆకు లోపల పెరుగుతుంది అంకుల్. పొడి బయటికి రావాలంటే చర్మం చీల్చుకుని రావాలి. తుడిస్తే పొడి పోతుంది, పుండు పోదు. చామంతి మీద మీరు చూసింది పుండు లేని పొడి. పై నుంచి రాలింది. మీ చెట్టు కొమ్మ సరిగ్గా ఆ కుండీ మీదే ఉంది."

ఇక్కడితో ఆపేస్తే కూడా మేము గెలిచేవాళ్లమే. అమ్మ కుర్చీలోంచి సగం లేచింది కూడా. అక్క ఆపలేదు. మా కుండీలోంచి గోధుమరంగు మచ్చలున్న ఆకు తనే తుంచి, అందరి ముందు తుడిచింది. పొడి పోయింది. పుండ్లు మిగిలాయి.

"మా చామంతికీ తెగులు ఉంది," అంది. "అది మేం ఒప్పుకోవాలి. కానీ ఇది చామంతి తెగులు, చామంతిలోనే ఉంటుంది. మీది దేవగన్నేరు తెగులు. రెండూ చుట్టాలే. అయినా ఒకరింట్లో ఒకరు అన్నం తినరు."

"ఏమిరా, మనది గూడ జెప్పాల్నా?" అని అమ్మ నా చెవిలో గొణిగింది. గొణిగింది గానీ, కొంగులోంచి చేతులు బయటికి వచ్చాయి.

శ్రీనివాసరావుగారు మూడు ఆకులనూ పక్కపక్కన పెట్టుకుని చాలా సేపు చూశారు. తర్వాత తన రుమాలు తనే తడిపి, ఇంకో చామంతి ఆకు తెచ్చి తుడిచారు. ఇంకో దేవగన్నేరు ఆకు తుడిచారు. కమిటీలో ఒకాయన ఏదో అనబోతే, "ఉండండి" అన్నారు.

"అంటే ఎగువన ఉన్నది నేనా అండి?" అన్నారు చివరికి.

"ఎగువా లేదు, దిగువా లేదు అంకుల్. మీ చెట్టుది మా ఆకుల మీద పడింది. పడింది గానీ పట్టలేదు."

"మరి నా చెట్లకు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

"తెలీదు. గాలిలో ఎంత దూరమైనా వస్తుంది. తెలీనిదాన్ని తెలుసని చెప్పను."

ఆయన లేచి నిలబడి, నోటీసు బోర్డు మీది తీర్మానం కాగితాన్ని స్వయంగా పీకేశారు. పిన్ను వేలికి గుచ్చుకుంది. రక్తం వచ్చినా పట్టించుకోకుండా గేటు దగ్గరికి వెళ్లి, "ట్రాక్టర్ అక్కర్లేదయ్యా, వెళ్లిపో!" అని కేకేశారు. వెనక్కి వచ్చి, వాళ్ల శాఖలో ఏ కాంట్రాక్టరూ ఎప్పుడూ విని ఉండని మెత్తటి గొంతుతో, "అమ్మా శిరీషా, ఉమాశ్రీకి ఏం చెయ్యాలో చెప్పు," అన్నారు.

అక్క చెప్పింది. రాలిన ఆకులు ఊడ్చి సంచిలో మూటగట్టి పారేయాలి, చెట్టు కింద కుప్ప పెట్టకూడదు. నీళ్లు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద చల్లకూడదు. మందు అవసరమైతే తర్వాత చూద్దాం. చామంతులకు కూడా ఇదే. మచ్చలున్న ఆకులు తుంచేసి, కుండీలు దూరదూరంగా జరపాలి. పూలు కోసేదాకా ఏ మందూ కొట్టకూడదు. ఆయన ప్రతి మాటకూ "ఆయ్" అన్నారు. వాచ్‌మన్ చేతిలో చీపురు లాక్కుని తనే మొదలుపెట్టారు.

"ఈ బిల్డింగుల ఉన్న తెలివి అంత ఈ బిడ్డ కాడనే ఉందే," అంది నీలమ్మ. "ఏమమ్మా, గిసొంటి బిడ్డను ఇంట్ల పెట్టుకుని నిన్న అంతగనం ఎందుకు తిట్టినవు? కింది దాకా ఇనొచ్చింది."

"నేనెప్పుడు తిడితిని?" అంది అమ్మ. "వానిని గదా తిట్టింది." అందరూ నా వైపు చూశారు. నేను వినయంగా తల వంచాను.

మంగళవారం పొద్దున్నే పూలు కోశాం. అక్క ఒక్కో మొక్కకూ మచ్చల ఆకులు ముందు తుంచి సంచిలో వేసి, ఆ తర్వాతే పువ్వు ముట్టుకోనిచ్చింది. సాయంత్రం నానక్‌రామ్‌గూడ వెళ్లాం. అద్దాల భవనాల్లో లైట్లు లేవు. వాటి మధ్య ఆ పాత ఊరి వీధిలో మాత్రం దీపాలు, ఆడవాళ్ల గొంతులు. ఎవరో ఒకామె తంగేడు ఎక్కడో దొరకబుచ్చుకుని వచ్చింది. నీలమ్మ తాంబాళం మీద గుమ్మడాకులు పరిచి, మొదటి వరుసలు తను పేర్చి, పక్కకు జరిగింది.

అమ్మ కూర్చుంది. పసుపు చామంతులు ఒక్కొక్కటే గుండ్రంగా పెట్టింది. వరుస కొంచెం ఒక పక్కకు ఒరిగింది.

"గట్ల కాదు, లోపలికి జరుపు," అంది నీలమ్మ.

"నా పూలు, నాకు దెల్సు," అంది అమ్మ. నీలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని, నిన్నటిదాకా గోడ పక్కన నిలబడ్డ మనిషి ఈ పూటకే ఎంత మాట నేర్చిందో చూడమని అందరికీ చూపించింది.

ఆట మొదలైంది. అమ్మకు అడుగు రాదు. అందరూ వంగినప్పుడు లేచేది, లేచినప్పుడు వంగేది. అయినా వలయంలోంచి బయటికి రాలేదు. పక్కన ఆడుతున్న ముసలామె, "పూలు మంచిగున్నయి బిడ్డా, నీయేనట గదా. ఏ ఊరు మీది?" అని అడిగింది.

"నంద్యాల," అంది అమ్మ. వీధి చివర ఉన్న నాకు కూడా వినిపించింది.

"మరి రోగం వచ్చిందన్నరు?"

"వచ్చింది. అయితే అది చామంతిదే, వేరేది గాదు. మా పాప శిరీష జూసి జెప్పింది." అమ్మ చప్పట్ల మధ్యలో ఆగి, ముసలామె అరచేయి తెరిచి, అందులో లేని ఆకును వేలితో తుడిచి చూపించింది. "ఇట్ల తుడిస్తే పోయిందనుకో, అది మీద పడిన దుమ్ము. తుడిచినా పుండు మిగిలిందనుకో, అది లోపల్నించి వచ్చిన తుప్పు. తెల్సిందా?"

ముసలామెకు తెలిసింది. ఆమె పక్కామెకు చెప్పింది. వలయం తిరుగుతూనే ఉంది. ఒక్కొక్కరే అరచేయి తెరిచి, వేలితో తుడిచి, పక్కవాళ్లకు చూపిస్తున్నారు. అక్క నా పక్కన గోడకు ఆనుకుని నిలబడి, ఎవరైనా తప్పుగా చెబుతారేమోనని చెవులు రిక్కించి వింటోంది. ఎవరూ తప్పుగా చెప్పలేదు.